కిరాయి కాగితంలో ఒక్క మాట

ఇంటి కిరాయి కాగితం మీలో ఎంతమంది పూర్తిగా చదివారు చెప్పండి? ఆయన చూపించిన చోట సంతకం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేవాళ్ళమే మనలో ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో రెండిళ్ళు, నల్లగొండలో నాలుగిళ్ళు మారిన దాన్ని కాబట్టి నేను మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతాను.

అయితే స్పెయిన్ దేశపు కిరాయి కాగితం కూడా నా చేతికొస్తుందని కలలోనైనా అనుకోలేదు! మా అమ్మాయి రెండేళ్ళ చదువు కోసం మాడ్రిడ్ వెళ్ళింది. ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఒక ఫ్లాటు చూసుకుంది. ఒప్పందమంతా స్పానిష్‌లో ఉంటే, ఫోన్‌లోనే ఇంగ్లీషులోకి మార్చి నాకు పంపింది. "జర చూడమ్మా, రేపే సంతకం" అని.

మొదటి పేజీలోనే 'బెయిల్' అని ఉంది. నా గుండె గుభేలుమంది. "బెయిలేందే? కిరాయికుంటే జైల్ల పెడ్తరా?" అన్నాను. అది ఒకటే నవ్వు. స్పానిష్‌లో 'ఫియాన్సా' అంటే పూచీ సొమ్మట. కోర్టులో కడితే బెయిలు, ఇంటి ఓనరుకు ఇస్తే అడ్వాన్సు. ఇల్లేదో కోర్టేదో ఆ ఫోనుకేం తెలుసు పాపం! ఇంకో చోట 'కమ్యూనిటీ ఖర్చులు' అని ఉంది. మన దగ్గర కమ్యూనిటీ అంటే ఏమిటో మీకు తెలుసుగా, ఏ కులసంఘానికి చందా కట్టాలో అనుకోమూ? తీరా చూస్తే అది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్! దాన్ని కిరాయిదారు మీద వేయాలంటే ఏడాదికి ఎంతో కాగితంలో అంకె వేసి రాయాలని అక్కడి 1994 నాటి చట్టంలో ఉంది. ఇందులో అంకే లేదు.

వీటికి నవ్వుకున్నాం గానీ, అసలు మెలిక నవ్వు రాని మాటలో ఉంది. 'సీజన్ అద్దె, 11 నెలలు' అని ఒక ముక్క. 11 నెలలంటే మనకు అలవాటైన లెక్కే. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ లేకుండా మనవాళ్ళు 11 దగ్గర ఆపుతారు. మరి మాడ్రిడ్‌లో ఎందుకు ఆపినట్టు? అయినా ఇంటికి సీజనేమిటి, మామిడిపండ్లకు గానీ! "ఆ స్పానిష్ మాటేందో ఎరుకైనోళ్ళను అడుగు, అటెన్క సంతకం పెడుదువు గని" అన్నాను.

కాలేజీలో పిల్లల వసతి చూసేవాళ్ళను అడిగితే విషయం బయటపడింది. ఆ మాట 'టెంపొరాద'. కొన్నాళ్ళు తాత్కాలికంగా ఉండి పోయేవాళ్ళకు ఇచ్చే ఇల్లు అని అర్థం. మామూలుగా కాపురముండే ఇల్లయితే అడ్వాన్సు ఒక నెల కిరాయి. ఏడాదికే రాసుకున్నా, ఓనరు కంపెనీ కాకుండా మామూలు మనిషైతే, కిరాయిదారు కావాలంటే ఐదేళ్ళ దాకా ఉండవచ్చు. 'టెంపొరాద' అని రాశారా, అడ్వాన్సు రెండు నెలలు, ఐదేళ్ళ హక్కు లేదు. 11 నెలలు కాగానే మూట కట్టుకోవాల్సిందే. దీని చదువేమో రెండేళ్ళు! నెలకు 1,500 యూరోల ఇల్లు అది. ఒక్క మాటకు మన డబ్బుల్లో అటూ ఇటూగా లక్షన్నర ఎక్కువ.

ఇదేమీ పరాయి దేశపు వింత కాదు సుమండీ. మహబూబ్‌నగర్‌లో మేమున్న ఒక ఇంట్లో, వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాదని మొదట ఇంగ్లీషులో రాసి, కిందనే గోడల రంగులు కిరాయిదారే వేయించాలని ఇంకో వాక్యం పెట్టారు. అది చూసే మావారు సంతకం పెట్టారు. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల కిరాయి పట్టుకున్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆ అరుగుదలను మినహాయించింది నిజమే. కానీ మనం వేరేగా రాసిచ్చాక చట్టం ఏం చేస్తుంది?

ఇంకో తమాషా. స్పానిష్‌లో అద్దెను 'అల్కిలేర్' అంటారట. అరబ్బులు అక్కడ ఏలిన కాలంలో 'అల్ కిరా' అన్న మాట నుంచి వచ్చిందట. మన 'కిరాయి' కూడా ఆ 'కిరా' నుంచే, ఉర్దూ మీదుగా వచ్చింది. నిజాం ఏలుబడిలో కచేరీ భాష ఉర్దూ కదా. కోస్తా నుంచి వచ్చిన మా తోడికోడలు నేను కిరాయి అంటే నవ్వి, "అద్దె అనండి అక్కయ్యా" అనేది. ఇప్పుడు నవ్వమనండి చూద్దాం!

ఆ ఫ్లాటు ఓనరు మాట మార్చడానికి ఒప్పుకోలేదు. పిల్లలు ఊరికి కాస్త దూరంగా, మెట్రో దగ్గర ఇంకోటి చూసుకున్నారు. కాపురముండే ఇల్లు అనే రాయించుకున్నారు, ఒక నెల అడ్వాన్సుతో. మెయింటెనెన్స్ అంకె కూడా వేయించారు. తాళాలు అప్పగించిన నెలలోపు అడ్వాన్సు తిరిగివ్వకపోతే ఓనరు వడ్డీ కట్టాలట అక్కడ. ఈ సంగతి మా మహబూబ్‌నగర్ ఓనరుతో అని చూడాలి, ఏమంటాడో!