అమ్మ కూసునే సీటు

మా అమ్మ పుట్టిల్లు సదాశివపేట. మంగళగి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ దాటి పోవాలి, దాదాపు 60 కిలోమీటర్లు. 1956లో బీదర్ జిల్లాను విడగొట్టినప్పుడు జహీరాబాద్ తాలూకా, నిర్ణా సర్కిల్ ఒక్కటి తప్ప, ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. మేము ఈ పక్క ఉండిపోయినం, చుట్టాలు ఆ పక్క. కన్నడ మీడియంలో చదివిన మాకు తెలుగు నిలిచింది ఈ రాకపోకలతోనే.

పోయినేడు అమ్మ ఒక మాట అన్నది: "ఇగ నేను రాను బిడ్డా. బండి మీద కూసుంటే నడుం ఇరుగుతది." అక్కడ పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదు. అయినా రానన్నది. బస్సు మెట్లు ఎక్కలేదు. అందుకే బండికి కొత్త సీటు వేయించాలనుకున్నం.

షాపులో బొటనవేలితో నొక్కి చూసి, అన్నిటికంటే మెత్తనిది కొన్నం. జహీరాబాద్ చేరేసరికే అది అణిగిపోయింది. మరీ మెత్తని ఫోమ్ బరువుకు పూర్తిగా కుంగుతుంది; కింది గట్టి పలక పిరుదుల ఎముకలకు తగులుతుంది. తర్వాత జెల్ మెత్త వేసినం. ఎండలో పది నిమిషాలు బండి ఆపితే పెనంలా కాలింది. గాలి దిండు కూడా చూసినం. గాలి కొంచెమే నింపితే ముందు కూసున్న మాకు హాయిగా ఉంది. వెనక అమ్మకు మాత్రం జారింది.

అప్పుడు అర్థమైంది. అమ్మ చీర కట్టుకుని ఒక పక్కకు కూసుంటది. మేము చూసిందంతా రెండు కాళ్లు చెరోపక్క వేసి కూసునేవాళ్ల లెక్క. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పని. వాడేది ఎవరో చూడకుండా టెస్ట్ రాయొద్దని ఆఫీసులో అందరికీ చెప్తం. ఇంట్లో అదే తప్పు చేసినం.

ఈసారి అమ్మను వెంటబెట్టుకుని సీట్లు కుట్టే అతని దగ్గరికి పోయినం. వెనక భాగం వాలు తీసేసి, చదునుగా, వెడల్పుగా చేయించినం. కింద గట్టి ఫోమ్, పైన పల్చగా మెత్తది. అంచు గుండ్రంగా ఉండాలి, లేకుంటే తొడ కింద కోస్తది. కూసునే చోట కుట్టు రావొద్దు, వానకు నీళ్లు దిగుతయి. కవరు కుట్టకముందే అమ్మను అరగంట కూసోబెట్టినం. "కాళ్లు యాలాడుతున్నయి" అన్నది. నడుం నొప్పికి సగం కారణం అదే! కాళ్లకు ఆనుడు లేకుంటే బరువంతా ఒక్క తుంటి మీదే పడుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూసునేవారికి పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టే మెట్టు, చక్రంలో బట్ట పడకుండా అడ్డు ఉండాలంటుంది. మా బండికి మెట్టు ఉంది కానీ అమ్మ పాదానికి అందేది కాదు. వెడల్పుది, ఇంకొంచెం కిందికి బిగించినం.

ఎంత మంచి సీటైనా దిగకుండా కూసుంటే నొప్పే. అందుకని అరగంటకోసారి బండి ఆపి, అమ్మను నాలుగడుగులు నడిపించినం.

సదాశివపేటలో దిగినంక అమ్మ నడుం పట్టుకోలేదు. నేరుగా పెద్దమ్మ మంచం దగ్గరికి పోయి కూసున్నది. తిరిగొచ్చేటప్పుడు అడిగినం, ఎట్లుందమ్మా సీటు అని.

"సీటు సంగతి యాదికే రాలే," అన్నది.

మీరూ సీటు మార్చాలనుకుంటే, వెనక కూసునేవాళ్లను వెంటబెట్టుకుని పోండి.