సగం ఫీజు స్కాలర్‌షిప్ ఎంతకు పడుతుంది?

తిరువూరులో చిన్న ఎరువుల కొట్టు, ఊరి బయట నాలుగెకరాల మామిడి తోట. మా ఇంటి ఆదాయం ఈ రెండే. తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకిచ్చేస్తాం. అడ్వాన్సు ముందే వస్తుంది, మిగతాది కోత అయ్యాక. అంతా కలిపితే ఏటా నాలుగు లక్షల చిల్లర. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి ఇంత చికాకు పెట్టే అంకె ఇంకోటి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి, కాబట్టి అది మాకు రాదు. అలాగని యూనివర్సిటీ అడిగినంతా కట్టే స్తోమతా లేదు. మా వీధిలో సగం ఇళ్ళ పరిస్థితి ఇదే.

2024 జూన్‌లో మా అమ్మాయికి ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. మంచిదే, కానీ పేపర్లో ఫొటో పడేంత కాదు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక ప్రైవేటు యూనివర్సిటీ తరఫున మాట్లాడిన కుర్రాడైతే నన్ను పేరు పెట్టి పిలిచి మరీ చెప్పాడు: "సార్, పాప ర్యాంకుకి యాభై శాతం స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ సాయంత్రం లోపు పాతిక వేలు కడితే లాక్ అయిపోతుంది."

మా ఆవిడ ముఖం వెలిగింది. నాకైతే ఆ "లాక్" అన్న మాట దగ్గరే అనుమానం వచ్చింది. కొట్టులో అరువు పుస్తకం రాసే అలవాటు కదా, వెనక పేజీలో లెక్క వేశాను. ట్యూషన్ ఫీజు ఏడాదికి మూడు లక్షలు. సగం పోతే లక్షన్నర. స్కాలర్‌షిప్ ట్యూషన్‌కే, హాస్టల్‌కి కాదు. హాస్టల్ లక్షా ఇరవై వేలు. అంటే స్కాలర్‌షిప్ వచ్చాక కూడా ఏడాదికి రెండు లక్షల డెబ్బై వేలు. అదీ మొదటి ఏడాది మాట. రెండో ఏడాది నుంచి ఆ సగం నిలవాలంటే ఎనిమిదిన్నర సీజీపీఏ ఉండాలట. ఒక్కసారి తగ్గితే పూర్తి ఫీజు. నాలుగేళ్ళూ నిలబెట్టుకుంటే ట్యూషన్‌కి ఆరు లక్షలు, మొదటి ఏడాది తర్వాత పోగొట్టుకుంటే పదిన్నర లక్షలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల మార్కుల మీద నాలుగున్నర లక్షల పందెం కాయమంటున్నాడన్న మాట.

అప్పు తీసుకుంటే? ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున పది లక్షలు, పది శాతం బారువడ్డీ అనుకుందాం. మొదటి విడత నాలుగేళ్ళు, రెండోది మూడేళ్ళు, మూడోది రెండేళ్ళు, ఆఖరుది ఏడాది. చదువు పూర్తయ్యేనాటికే వడ్డీ రెండున్నర లక్షలు. మా తోట మీద ఒక మంచి కాపు కూడా అంత రాదు. (అదే ఏడాది నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పది లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు కట్టనక్కర్లేని మారటోరియం కాలానికి మూడు శాతం వడ్డీ రాయితీ. ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్ళకే అది. మేం సీటు తేల్చుకున్న జూలై నాటికి అది ఇంకా లేదు.)

ఆ సాయంత్రం డబ్బు కట్టలేదు. గడువు మర్నాటికి, తర్వాత వారానికి జరుగుతూ పోయింది. నిజానికి కట్టినా కొంప మునిగేది కాదు. యూజీసీ ఆ విద్యా సంవత్సరానికి సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకుంటే పూర్తి ఫీజు వెనక్కివ్వాలనీ, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యి రూపాయలకు మించి కోత పెట్టకూడదనీ చెప్పింది. ఈ సంగతి ఆ ఫోన్లు చేసేవాళ్ళెవరూ చెప్పరు. కాకపోతే డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి తిరిగే ఓపిక ఉండాలి. ఎరువుల సీజన్‌లో కొట్టు వదిలి నేను తిరగలేను.

అసలు ఫీజు తేల్చేది ర్యాంకొక్కటే కాదు, ఏ దారిన లోపలికి వెళ్ళామన్నది కూడా. రాష్ట్రంలో 2021 నుంచి ప్రైవేటు యూనివర్సిటీలు కూడా 35 శాతం ఇంజినీరింగ్ సీట్లు కన్వీనర్ కోటాలో ఇస్తున్నాయి. అదే క్యాంపస్, అదే క్లాసు, ఫీజు మాత్రం విడిగా నిర్ణయించిందీ, బాగా తక్కువదీ. నాకు ఫోన్ చేసిన కుర్రాడు ఈ మాట ఎత్తలేదు, ఎందుకెత్తుతాడు!

మా బావమరిది కొడుకు సంగతి ఇంకో రకం. వాళ్ళకి రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. వాడు కంప్యూటర్ సైన్స్ మీద పట్టు పట్టి, ఈఈఈ సీటు వదిలేసి స్పాట్ అడ్మిషన్ దాకా ఆగుతానన్నాడు. స్పాట్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదని చెప్పాక వాళ్ళ నాన్న ఆ రాత్రే బండి మీద మా ఇంటికొచ్చాడు. "బావా, ఈ ముక్క ముందే ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. కౌన్సెలింగ్ సూచనల్లో ఉంటుంది, కానీ అంత చిన్న అక్షరాలు చదివేదెవరు? వాడు ఈఈఈలోనే చేరాడు, గొణుక్కుంటూ.

మాకు అక్కరకొచ్చేలా కనిపించింది ఎన్‌ఐటీల లెక్క. అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా ఇరవై ఐదు వేలు. కుటుంబ ఆదాయం లక్ష లోపైతే మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. రెండున్నర లక్షలు దాటగానే ప్రభుత్వ సాయం ఇక లేదనుకుని చాలామంది తహసీల్దారు ఆఫీసు ముఖం కూడా చూడరు. నేనూ మొదట అలాగే అనుకున్నాను గానీ, ఐదు లక్షల గీత ఒకటుందని తెలిశాక ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకున్నాను. ఆ కాగితంతో మా అమ్మాయికి ట్యూషన్ నలభై ఒక్క వేల ఆరు వందల చిల్లరకు దిగుతుంది.

ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్ ఆఖరి రౌండ్‌లో తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో మెటలర్జీ వచ్చింది. దాదాపు అదే రోజుల్లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో, మైలవరం దారిలో రోజూ వెళ్ళిరాగల కాలేజీలో ఈసీఈ కన్వీనర్ సీటు వచ్చింది. రీయింబర్స్‌మెంట్ లేకుండా ఫీజు డెబ్బై వేలు, కాలేజీ బస్సు ముప్ఫై ఐదు వేలు. ఎన్‌ఐటీలో హాస్టల్, మెస్ కలిపి లక్ష వేసుకున్నాం. అంటే ఒకచోట లక్షా ఐదు వేలు, ఇంకోచోట లక్షా నలభై వేలు. యూనివర్సిటీ రెండు లక్షల డెబ్బై వేలు ఈ రెండింటి పక్కన ఇక నిలబడలేదు.

నాకు ఎన్‌ఐటీ పేరు మీద మోజు. అమ్మాయికి ఈసీఈ మీద. "నాన్నా, నాలుగేళ్ళు చదవాల్సింది నేను కదా" అంది. తేడా ఏడాదికి ముప్ఫై ఐదు వేలు. అదే రెండు లక్షల తేడా అయితే నా మాటే నెగ్గించుకునేవాణ్ణి, దాచేదేం లేదు. ఈ మాత్రానికి నెగ్గించుకోవడం అనవసరం అనిపించింది. ఈసీఈలో చేరింది.

ఫీజు రెండు విడతలుగా కడుతున్నాం. మొదటిది తోట డబ్బులోంచి, రెండోది కొట్టు నుంచి. మా రెండోవాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాడు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంది. కాబట్టి మంచి కార్పొరేట్ స్కూలుకు మార్చమన్న చుట్టాలకు, వాడి పదో తరగతి అయ్యేదాకా ఆగమని చెప్పాం.