ముల్లు సాక్ష్యం

మనిషికి జ్వరం వస్తే నుదుట చేయి వేసి చూడవచ్చును. ఇంజనుకు జ్వరం వస్తే తెలుసుకొనేది ఎట్లు? అందుకొరకే దానిలో నీరు పారే మార్గాన బొటనవ్రేలంత ఇత్తడి సెన్సారు నొకదానిని బిగిస్తారు. అది తెలిపిన వేడిమినే డాష్‌బోర్డు మీది ముల్లు మనకు చూపుతుంది. పద్యాలు బోధించుకునే మాకు ఈ చిన్న వస్తువుతో పరిచయం కలిగిన విధం మా విద్యార్థులకు చెప్పదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా అబ్బాజాన్‌కు 1986 నాటి డీజిలు జీపు ఒకటి ఉన్నది. దానిని ఆయన ఇంటి మనిషి వలె చూసుకుంటారు. 2019 డిసెంబరులో ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని కర్నూలు నుండి ఆత్మకూరు, దోర్నాలల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కుతున్నాము. కొంత దూరం పోగానే ఆయన, "ఏదో తీపి వాసన వస్తున్నది బేటా, బండి ఆపు" అన్నారు. మేము గేజు వైపు వ్రేలు చూపి, "ముల్లు ఇంతకు ముందు కంటె దిగువనే ఉన్నది అబ్బా, భయం లేదు" అన్నాము. ఆయన మరి మాట్లాడలేదు. నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజను మూలిగి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూడగా క్రింది హోసు చిట్లి, కూలెంటు అంతా దారి పొడుగునా కారిపోయి ఉన్నది. ఆ తీపి వాసన దానిదే.

హెడ్డు వంగిపోయింది, గాస్కెట్టు కాలిపోయింది. మరమ్మతుకు మా నెల జీతం చాలలేదు. అబ్బాజాన్ ఒక్క మాటయినా అనలేదు. అనివుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

వర్కుషాపులో ఉస్తాద్‌ను అడిగాము: "ఇంజను కాలిపోతుంటే ముల్లు క్రిందికి ఎందుకు దిగింది?" అతడు నవ్వి అన్నాడు: "నీళ్లలో మునిగి ఉన్నంతవరకే సార్, నీళ్ల వేడి చెప్తుంది. నీళ్లు పోయినాక దాని చుట్టూ ఉండేది గాలే కదా. తనకు తగిలింది చెప్పింది. ఇంజను సంగతి దానికేం తెలుసు? పెద్దాయన మాట వినాల్సింది."

ఆనాటి నుండి ఆ విద్య అతని వద్దనే అభ్యసించాము. సెన్సారు లోపల ఉండేది వేడి పెరిగిన కొద్దీ విద్యుత్తుకు అడ్డు తగ్గించే పదార్థం. ముల్లు కదలకపోతే వైరు ఊడదీసి, తాళంచెవి తిప్పి, ఆ కొసను క్షణకాలం ఇంజను ఇనుముకు తాకించాలి. ముల్లు వేడి వైపునకు ఎగిరితే గేజు, వైరు బాగున్నట్లే, దోషం సెన్సారుది. క్రొత్తది గేజుకు సరిపోయేదై ఉండాలి. మర సరిపోయినంత మాత్రాన చాలదు. బిగించే ముందు దానిని నీటి గిన్నెలో వ్రేలాడదీసి, నీరు కాగుతుండగా మీటరు మీద ఓములు క్రమంగా తగ్గుతున్నవో లేదో చూసుకోవాలి.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే రేడియేటరు మూత తీయాలి. కూలెంటు కొంత దించి, పాతది విప్పి, క్రొత్తది మితంగా బిగించాలి, ఇత్తడి మెత్తనిది. ఒకే వైరు గల సెన్సారుకు ఎర్తు దాని మర ద్వారానే అందుతుంది గనుక టేపు దట్టంగా చుడితే ముల్లు తప్పు చూపుతుంది. చివరకు గాలి బుడగలు పోయేవరకు కూలెంటు నింపాలి. గాలి చిక్కుకున్న చోట సెన్సారు మరల గాలి సంగతే చెప్తుంది.

తరగతిలో "అర్థమైంది సార్" అన్న మాట విని సంతోషించి ముందుకు సాగిపోవడం మాకు అలవాటు. ఇప్పుడు పాఠం మధ్యలో ఆగి, వెనుక బల్లవారిని ఒక ప్రశ్న అడుగుతున్నాము. ముల్లు నెమ్మదిగా ఉన్నదంటే అంతా క్షేమమని కాదు.

జీపు నేటికీ నడుస్తున్నది. అబ్బాజాన్ ఏదైనా వాసన అంటే వెంటనే ఆపుతున్నాము. ఆయన ఏమీ అనకుండా చాలసేపు కూర్చున్నా ఆపి అడుగుతున్నాము.