కొలతలు గీసిన వజ్రం

విశాఖ మన్యం అంచున, గొలుగొండ మండలం కరక వైపు కొండల్లో రంగురాళ్లు దొరుకుతాయి. వాటిలో వైడూర్యం ఒకటి. గుమ్మటంలా సానబట్టిన ఆ రాయిని ఒక్క దీపం కింద పెడితే, పిల్లి కంట్లో పాపలాగా సన్నని తెల్లగీత నడినెత్తిన నిలుస్తుంది. రాయి లోపల ఒకే దిక్కుకు పేర్చినట్టుండే సూదుల్లాంటి పోగుల వల్ల పుట్టే గీత అది. సానబట్టేవాడు ఆ దిక్కు కనిపెట్టి, అడుగును దానికి సమాంతరంగా కోయకపోతే గీత పక్కకు జారిపోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మాత్రమే చెప్పి కంప్యూటరును బొమ్మ గీయమంటే, ఆ జారుడు దానికెలా తెలుస్తుంది?

కొలతలతోనే బొమ్మ గీసేవాళ్లు వజ్రానికి ఈ బాధ లేదంటారు. లోపల పోగులుండవు, వక్రీభవన గుణకం 2.42, పలకకు గీసిన లంబం నుంచి 24.4 డిగ్రీలు దాటి వాలిన కిరణం బయటికి పోకుండా లోపలికే తిరుగుతుంది. కోణాలు తెలిస్తే మెరుపంతా లెక్కే. ఇందులో నిజముంది. 1919లో టోల్కోవ్‌స్కీ అనే ఆయన గుండ్రటి వజ్రానికి తగిన కోణాలను లెక్కగట్టే చెప్పాడు. అయితే ఏ కొలతలతో లెక్క? అమెరికాకు చెందిన రత్నాల సంస్థ జీఐఏ ఇచ్చే ధ్రువపత్రంలో పైభాగపు కోణాన్ని అర డిగ్రీకి, కింది భాగపు కోణాన్ని 0.2 డిగ్రీకి సవరించి, అదీ సగటుగా రాస్తారు. ఆ అంకెలతో గీసిన బొమ్మలో, వజ్రాన్ని పైనుంచి చూస్తే కనిపించే ఎనిమిది బాణాల ఆకారాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తాయి. అసలు రాయిని ఎర్రటి ప్రతిఫలకం ఉన్న ఐడియల్‌స్కోపు అనే పరికరంలో చూడండి: వెలుగు తిరిగొచ్చిన చోట ఎరుపు, కారిపోయిన చోట తెలుపు. ఒక బాణం కురచగా ఉండొచ్చు. బరువు పోకుండా నడుము దగ్గరి చిన్న పలకలను వాల్చి కోస్తే, అక్కడ తెల్లటి మరకలు పడొచ్చు. సగటులో అవేవీ మిగలవు. ఒక్కో పలకనూ విడిగా స్కాన్ చేసి గీసిన బొమ్మ ఇంతకంటే చాలా నయమే, కానీ లోపలి మసకను అదీ చూడలేదు.

ఫొటో మాత్రం అబద్ధమాడదా అని అడుగుతారు. ఆడుతుంది, కంటిలాగే అదీ వెలుతురును బట్టి మారుతుంది. 1851 లండన్ ప్రదర్శనలో మన కోహినూరు మెరవలేదని జనం పెదవి విరిచారు, గ్యాసు దీపాలు పెట్టినా తృప్తి పడలేదు. మరుసటి ఏడాది 191 క్యారెట్ల రాయిని 105.6కి కోసేశారు. కంటి తీర్పు వెలుతురును బట్టి మారుతుందన్న మాట నాకూ సమ్మతమే. కానీ దానికి మందు వెలుతురును స్థిరపరచడం, రాయిని వదిలేసి అంకెలను చూడడం కాదు. కటింగుకు గ్రేడుల పద్ధతిని రూపొందించేటప్పుడు జీఐఏ 3.85 కోట్ల కొలతల కలయికలను కంప్యూటరులో పరీక్షించింది, నిజమే. అయినా అంతటితో ఆగక, అసలు వజ్రాలను మనుషులకు చూపించి 70,000 పైచిలుకు పరిశీలనలు సేకరించింది. లెక్కను కళ్లతో సరిచూసుకున్నారు.

మొదట చెప్పిన కరక కొండల్లోనే దొరికే అలెగ్జాండ్రైటు పగటి వెలుగులో ఆకుపచ్చగా, పాతకాలపు ఫిలమెంటు బల్బు కింద ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని కొనేవాడు రెండు వెలుగుల్లోనూ చూడకుండా డబ్బు తీయకూడదు. వజ్రం అమ్మేవాళ్లు కూడా ప్రతి బొమ్మ కింద రెండు సంగతులు రాసిపెట్టాలి: ఇది కొలతల నుంచి గీసిందా, రాయి నుంచి తీసిందా, తీసిందైతే ఏ వెలుతురులో.