కాలువ మీద కాలకృత్యాలు

ఎల్స్‌మియర్,
సోమవారం

వదినగారూ,

మేమంతా క్షేమం. అల్లుడి స్నేహితుడు ఇచ్చిన పడవలో, ఇంగ్లండుకీ వేల్స్‌కీ సరిహద్దున ఉన్న లాంగోలెన్ కాలువ మీద పోతున్నాం. గంటకు నాలుగు మైళ్లు మించకూడదట. గట్టు మీద కుక్కను తిప్పుతున్న ముసలాయన కూడా మమ్మల్ని దాటిపోయాడు. పడవ వెడల్పు ఏడడుగుల లోపు, పొడవు యాభై పైచిలుకు. అందులోనే వంటిల్లు, మంచాలు, బొగ్గు పొయ్యి. బాత్‌రూమూ ఉంది. మిగతా ఉత్తరమంతా దాని గురించే, ఏమనుకోకండి.

డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు. కమోడ్ కింద దాదాపు 20 లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా, దాన్ని క్యాసెట్ అంటారు. మీట లాగితే మూత తెరుచుకుంటుంది. వాసన రాకుండా లోపల నీలం మందు పోస్తారు. నిండవస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. కాగితం వాడేవాళ్ల లెక్కతో చేసిన డబ్బా అది. మీ తమ్ముడేమో కాకినాడ నుంచి సూట్‌కేసులో మగ్గు తెచ్చుకున్నారాయె! మొదటి రోజు రాత్రి పడుకునేలోపే ఎర్ర దీపం వెలిగింది. అమ్మాయి వాళ్ల నాన్నకు చెప్పలేక నాకు చెప్పింది. అల్లుడి చెవిన పడకుండా నేను ఆయన దగ్గర గొణిగాను. "నీళ్లు లేకుండా ఎలాగే?" అని ఒక్క అరుపు అరిచారు. ఈ పడవలో గోడలు పలచన. అల్లుడికి ఇక వేరే చెప్పే పని లేకపోయింది.

చర్క్,
బుధవారం

వదినగారూ,

అమ్మాయి మగ్గు దాచేసి, నొక్కితే ధార వచ్చే చిన్న సీసా చేతికిచ్చింది. మీ తమ్ముడు ఒక పూట అలిగారు. మర్నాడు "పర్వాలేదు, గురి కుదిరింది" అన్నారు.

అసలు వేడుక డబ్బా పారబోయడం. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు కాలువలోకే పోతాయి గానీ ఇది మాత్రం వదలకూడదు. అందులో న్యాయముంది. డీ నది నుంచి వచ్చే ఈ నీరే హర్ల్‌స్టన్ రిజర్వాయరు చేరి, శుద్ధయ్యాక ఊళ్లకు తాగునీరవుతుంది. అందుకే దారిలో అక్కడక్కడ ఎల్సాన్ పాయింట్ అని ఒక తొట్టి, కడుక్కోవడానికి గొట్టం పెట్టారు. పొద్దున్నే అక్కడ క్యూ. పెద్దమనుషులు తలా ఒక డబ్బా పట్టుకుని నిలబడి, ఎండ బాగా కాసిందని పలకరించుకుంటారు. డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియనట్టే!

ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు కూడా బంట్రోతు చేత మోయించిన మీ తమ్ముడు, తిన్న కంచం తీసి ఎరుగని మీ తమ్ముడు, అల్లుడి చేతిలోంచి ఆ డబ్బా లాక్కున్నారు. అల్లుడు వద్దు వద్దంటుంటే "నింపింది నేనే కదా బాబూ" అన్నారు. వంచేటప్పుడు గాలి పోయే బటన్ నొక్కి పట్టుకోవాలి. లేకపోతే గుడగుడమని ఎగిరి చొక్కా మీద పడుతుంది. క్యూలో వెనకాయన దగ్గరుండి నేర్పాడు.

అక్కడే తెలిసింది, పడవల వాళ్లు దేని గురించి మొదలుపెట్టినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తారని. క్యాసెట్, పంప్‌అవుట్, కంపోస్ట్ అని మూడు పక్షాలు. ద్వైతం, అద్వైతం, విశిష్టాద్వైతంలా ఒకరి సిద్ధాంతం ఇంకొకరికి గిట్టదు. పంప్‌అవుట్ వాళ్లకు పడవలోనే పెద్ద ట్యాంకు, నిండితే డబ్బిచ్చి పీల్పించుకోవాలి. చలికాలం కాలువ గడ్డకడితే పడవ కదలదు, ట్యాంకు మాత్రం నిండుతూనే ఉంటుంది. కంపోస్ట్ వాళ్లు ద్రవాన్నీ ఘనాన్నీ వేరుచేసి, ఘనం మీద కొబ్బరి పొట్టు చల్లుతారు. మన కోనసీమలో గుట్టలుగా పడి ఉండే పొట్టునే ఇక్కడ ఇటుకల్లా నొక్కి అమ్ముతున్నారు! మీ తమ్ముడు రాత్రంతా ఎగుమతి లెక్కలు వేశారు.

పూర్వం సరుకులు మోసే పడవల్లో సంసారాలు పదడుగుల గదిలో పిల్లాపాపలతో బతికాయట. వాళ్లకు డబ్బా లేదు, దీపం లేదు, ఒక బకెట్టే గతి. ఆ ఇల్లాళ్లను తలచుకున్నాక ఎర్ర దీపం గురించి సణగడం మానేశాను.

లాంగోలెన్,
శుక్రవారం

వదినగారూ,

నిన్న పాంట్‌కసల్తె వంతెన దాటాం. డీ నదికి 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టి, అందులో కాలువ, ఆ కాలువలో మేము. థామస్ టెల్ఫోర్డ్, విలియం జెస్సప్ అనే ఇంజనీర్లు కట్టించారు, 1805లో తెరిచారు. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక పక్క నడకదారి, కమ్మీలు. రెండో పక్క తొట్టి అంచు తప్ప అడ్డేమీ లేదు. మా బాత్‌రూము కిటికీ ఆ రెండో పక్కనే ఉంది.

వంతెన వస్తోందని తెలియక మీ తమ్ముడు లోపలికి వెళ్లారు. మేమంతా బయట ఫొటోల్లో పడ్డాం. లోపలి నుంచి "రామచంద్రా!" అని ఒక్క కేక, ఆపైన చడీచప్పుడు లేదు. 307 మీటర్ల వంతెనా దాటాక బయటికొచ్చి మంచినీళ్లు అడిగారు. గాలి కోసం కిటికీ తీస్తే గట్టు లేదు, నేల లేదు, ఎక్కడో కింద చెట్ల తలలు కనిపించాయట. లేస్తే పడవ ఒరుగుతుందేమోనని కూర్చున్నచోటే ఉండిపోయారట. వెళ్లిన పని ఏమైందని అడిగాను. "చూడగానే అయిపోయింది" అన్నారు.

ఈ ఉత్తరం అన్నయ్యగారికి చదివి వినిపించండి, భోజనాల వేళ మాత్రం వద్దు. ఆదివారం మీ తమ్ముడు ఫోన్ చేస్తారు. ఏమీ తెలియనట్టు, వంతెన బాగుందా అని ఒక్క మాట అడగండి.

మీ మరదలు