ముగ్గులో కలవని చోటు

ఎలమంచిలిలో మా ఇల్లు రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండో దాంట్లో బావగారి కుటుంబం. వాకిలి మాత్రం ఒక్కటే. కిందటేడు ఏదో చిన్న మాట దగ్గర మా తోడికోడలు అక్కకీ నాకూ మాటల్లేకుండా పోయాయి.

ఈసారి భోగి ముందు రాత్రి ఆ చివర్నించి ఆవిడ, ఈ చివర్నించి నేను ముగ్గు మొదలుపెట్టాం. నేను సరిచుక్కలు పెట్టాను, ఆవిడ సందుచుక్కలు. మధ్యకి వచ్చేసరికి ఒక్క గీతా కలవలేదు.

విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మా అమ్మాయి అరుగు మీంచి చూసి నవ్వింది. "అమ్మా, నా ప్రాజెక్టు ఇదే!"

నాకు అర్థమైనంత చెప్తాను. పుట్టినప్పుడు విశ్వం విపరీతమైన వేడి. చల్లారుతూ, నీళ్లు గడ్డకట్టినట్టు స్థితి మార్చుకుంది. ఈ మూల కబురు ఆ మూలకి చేరడానికి వెలుగుకి కూడా టైము చాలలేదు. అందుకని ఎక్కడికక్కడ తోచిన తీరులో గట్టిపడింది. ఆ తీరులు కలవని చోట అతుకులు మిగిలి ఉండొచ్చని 1976లో టామ్ కిబుల్ అనే శాస్త్రవేత్త రాశారు. పోగులా సాగిన అతుకుని కాస్మిక్ స్ట్రింగ్ అంటారట.

వాటిని వెతికేది విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసప్పుడు బయల్దేరిన వెలుగులో. 1964లో పెంజియాస్, విల్సన్ పట్టుకున్నారు దాన్ని. ఇప్పుడది మైనస్ 270 డిగ్రీల చల్లన. ఏ దిక్కున చూసినా దాదాపు ఒకటే, తేడా లక్షలో ఒక వంతు. మధ్యలో పోగు అడ్డంగా కదిలితే దానికి అటు కాస్త వెచ్చన, ఇటు కాస్త చల్లన అవుతుంది. గీత గీసినట్టు ఉండే ఆ తేడాయే ఆనవాలు. 2009లో వెళ్లిన ప్లాంక్ ఉపగ్రహం ఆకాశమంతా కొలిచింది. 2013లో లెక్క చెప్పారు: కనబడలేదని.

"దొరకని దానికి ఇంత చదువెందుకే?" అన్నాను.

"ఒకవేళ ఉన్నా, ఇంతకు మించి బరువుండవని తేలిందిగా అమ్మా. అదీ తెలుసుకోవడమే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంత విశ్వంలో కబురు అందక అతుకులు పడ్డాయంటే అర్థముంది. మా వాకిలి ఎంతని? పది అడుగులు.

మర్నాడు సంక్రాంతి ముగ్గు వేళకి ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్లాను. "అక్కా, చుక్కలు నువ్వు పెట్టు. గీతలు నేను కలుపుతాను."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ముగ్గు డబ్బా అందుకుని అడిగింది, "ఎన్ని వరుసలు?"