పార్వతీశం మళ్ళీ ప్రయాణం కట్టాడు

పరుల చేతికి వెళ్ళిన పుస్తకం పోయినట్టేనని, ఒకవేళ తిరిగొచ్చినా చిరిగిపోయి వస్తుందని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి మీరూ వినే ఉంటారు. మా నాన్నగారు ఆ శ్లోకాన్ని అక్షరాలా నమ్మిన మనిషని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి.

ఆయన చీరాలలో లెక్కల మాస్టారు. సెలవు దొరికితే సైకిలెక్కి వేటపాలెం వెళ్ళి, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో సాయంత్రం దాకా కూర్చునేవారు. ఇంట్లో ఒక చెక్క బీరువా, దానికి తాళం. పక్కనే మేకుకు వేలాడుతూ ఒక నోటుబుక్కు. పుస్తకం అడిగి పట్టుకెళ్ళినవాళ్ళ పేరు, పుస్తకం పేరు, తేదీ అందులో ఎక్కేవి. పుస్తకం తిరిగి రాగానే ఎర్ర సిరాతో ఆ వరస కొట్టేసేవారు.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టే, 2005లో షికాగో ఒహేర్ విమానాశ్రయంలో జరిగింది నాకు వింతగా తోచింది. ప్రతి సోమవారం డాలస్‌లో విమానమెక్కి గురువారం రాత్రి ఇల్లు చేరే కన్సల్టెంటు ఉద్యోగం నాది. ఆ గురువారం విమానం మూడు గంటలు ఆలస్యం. నా పక్క కుర్చీలో ఒక డిటెక్టివ్ నవల పడి ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని తెరిచి చూశాను. లోపల ఒక చీటీ అంటించి ఉంది. ఈ పుస్తకాన్ని ఎవరూ పారేసుకోలేదనీ, మీకోసమే వదిలామనీ, చదివాక మీరూ ఎక్కడైనా వదిలెయ్యండనీ దాని భావం. కింద ఒక నంబరు.

ఇంటికొచ్చి ఆరా తీస్తే తెలిసింది, దీన్ని బుక్‌క్రాసింగ్ అంటారని. రాన్ హార్న్‌బేకర్ అనే ఆయన 2001 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. డాలరు నోటు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్తోందో నంబరు కొట్టి చూసుకునే 'వేర్ ఈజ్ జార్జ్' అనే సరదా అప్పటికే 1998 నుంచీ ఉంది. నోటుకు చేసిన పని పుస్తకానికి ఎందుకు చెయ్యకూడదని ఆయన ఆలోచన. పుస్తకానికి ఒక నంబరు తీసుకుని, చీటీ అంటించి, పార్కు బెంచీ మీదో కాఫీ కొట్లోనో వదిలేస్తారు. దొరికినవాళ్ళు ఆ నంబరు కొట్టి, ఎక్కడ దొరికిందో, ఎలా ఉందో రాస్తారు. మాట ఎంత పాకిందంటే 2004లో కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది.

నాకూ సరదా పుట్టింది. అయితే పుస్తకం వదలడం అనుకున్నంత తేలిక కాదండోయ్! మొదటిసారి విమానాశ్రయంలో కుర్చీ మీద పెట్టి నాలుగడుగులు వేశానో లేదో, ఒక పెద్దావిడ రొప్పుకుంటూ వెంటపడి వచ్చి, "మీరు మరిచిపోయారు" అని చేతిలో పెట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి యూనిఫారంలో ఉన్న మనిషి ఎదురొచ్చి, ఆ వస్తువు ఎందుకు వదిలేసి వెళ్తున్నారని అడిగాడు. నా రంగు, నా గడ్డం, ఆ రోజుల్లో విమానాశ్రయాల పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. పావుగంట సంజాయిషీ ఇచ్చుకున్నాను. మా ఆవిడ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: "పుస్తకాలు పంచడానికి పోయి జైలుకెళ్ళిన మొదటి తెలుగువాడు మీరే అవుతారు."

అప్పట్నుంచీ విమానాశ్రయాల జోలికి పోలేదు. కాఫీ కొట్లలో, చాకిరేవు యంత్రాలుండే లాండ్రీల్లో, డాక్టర్ల వరండాల్లో అడిగి మరీ పెట్టాను. పార్కులో అయితే వానకు తడవకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో. పదేళ్ళలో ముప్ఫై ఒకటి వదిలితే కబురొచ్చినవి నాలుగే. మిగిలినవి చెత్తబుట్టలోకి వెళ్ళాయో, ఎవరి మనసులోకి వెళ్ళాయో తెలియదు. మొదట్లో బాధేసేది. ఫోనులో ఈ సంగతి చెబితే నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. 'నీ దగ్గర నోటుబుక్కు లేదురా' అన్నట్టు వినిపించింది నాకు.

నాన్నగారు 2018లో పోయారు. పదకొండో రోజున చీరాల ఇంటికి ఒకాయన వచ్చారు. చేనేత పని చేసే మనిషి, నాన్నగారి పాత శిష్యుడు. సంచిలోంచి అట్ట వేసిన పుస్తకం తీసి ఫోటో ముందు పెట్టారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం'. లోపల నాన్నగారి సంతకం.

"ఇరవై రెండేళ్ళైంది బాబూ తీసుకెళ్ళి. ఇవ్వాలని వచ్చినప్పుడల్లా, పిల్లలు ఇంకా చదువుతున్నారా అని అడిగేవారు. చదువుతున్నారండీ అంటే, అయితే ఉంచవోయ్ అనేవారు. మా ముగ్గురు పిల్లలకూ చదవడం మీద ఇష్టం పుట్టింది దీంతోనే."

ఆయన వెళ్ళాక నోటుబుక్కు తీశాను. ఆ వరస ఉంది. ఎర్ర గీత లేదు. అలా గీత లేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. అమ్మ పక్కన కూర్చుని అంది, "మీ నాన్నగారు మరిచిపోయి అడగలేదనుకున్నావా? రాత్రిపూట ఆ గీత లేనివే చదువుకుని మురిసిపోయేవారురా. ఇవి ఇంకా తిరుగుతున్నాయి అనేవారు."

ఇన్నేళ్ళూ ఆ నోటుబుక్కును బాకీల ఖాతా అనుకున్నాను. పుస్తకం ఎక్కడెక్కడ బతికుందో ఆయన రాసుకున్న లెక్క అది.

రెండు పెట్టెల నిండా ఆయన పుస్తకాలు డాలస్ తెచ్చుకున్నాను. తెచ్చి ఏం చేశాను? గాజు తలుపుల బీరువా కొని అందులో సర్దాను. చుట్టాలొస్తే చూపించాను. అయిదేళ్ళు అలాగే గడిచాయి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు ఒక శనివారం ఇద్దరం పుస్తకాలకు చీటీలు అంటిస్తున్నాం. దానికీ ఈ పిచ్చి అంటుకుంది. హారీ పాటర్ సినిమాల్లో హెర్మయినీగా వేసిన ఎమ్మా వాట్సన్ 2016 నవంబరులో లండన్ భూగర్భ రైళ్ళలో మాయా ఏంజెలూ పుస్తకాలు దాచిందని విన్నప్పట్నుంచీ మరీను. అది బీరువా వైపు చూసి అడిగింది:

"తాతగారివి ఎందుకు వదలవు నాన్నా?"

"అవి తెలుగు కదమ్మా. ఇక్కడ ఎవరు చదువుతారు?"

"ఇంట్లో ఎవరు చదువుతున్నారు?"

దాని గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నేర్పనిది నేనే. నాకు సోమవారం విమానం, గురువారం అలసట.

మా కాలనీలో నడిచే దారి పక్కన కర్ర స్తంభం మీద పిచ్చుక గూడులాంటి పుస్తకాల పెట్టె ఉంది. లిటిల్ ఫ్రీ లైబ్రరీ అంటారు. టాడ్ బోల్ అనే ఆయన బడిపంతులమ్మ అయిన తన తల్లి జ్ఞాపకంగా 2009లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌లో తన ఇంటి ముందు మొదటిది నిలబెట్టారు. 2020 నాటికి అవి లక్షకు చేరాయి. కావాల్సింది తీసుకోవచ్చు, ఉన్నది పెట్టవచ్చు. తాళం లేదు.

అదే దారిలో పొద్దున్నే నడిచేది ఎవరు? ఆరు నెలల వీసా మీద పిల్లల దగ్గరికొచ్చిన మన అమ్మానాన్నలు. కారు నడపలేరు. కొడుకూ కోడలూ ఆఫీసుకీ, మనవలు బడికీ వెళ్ళాక సాయంత్రం దాకా గోడల్ని చూస్తూ కూర్చుంటారు. అలాంటివాళ్ళ దగ్గరికి పుస్తకమే నడిచి వెళ్ళడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఆగిన ఊరల్లా ఆ పూటకు లైబ్రరీ ఉన్న ఊరే.

బీరువా తెరిచాం. ఏది ఇవ్వాలో తేల్చుకోవడానికి నాకు గంట పట్టింది. చివరికి పార్వతీశాన్నే తీశాను. మొగల్తూరు నుంచి బయలుదేరి ఇంగ్లండు దాకా వెళ్ళిన అమాయకుడికి టెక్సాస్ ఒక లెక్కా? చీటీ మీద నేను తెలుగులో రాశాను: "మీరు చదివి ఇంకొకరికి ఇవ్వండి." పెట్టెలో పెడుతుంటే చెయ్యి ఒక క్షణం ఆగింది. నాన్నగారి సంతకం ఉన్న పేజీ చింపుకుని ఉంచుకుందామా అనిపించింది. చింపలేదు.

నాలుగో రోజుకు పుస్తకం లేదు. నెలలు గడిచాయి, కబురు లేదు. తప్పు చేశానేమో అని రాత్రిళ్ళు అనిపించేది కూడా.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మాయి ఆ పెట్టెలోంచి ఒక పెద్దబాలశిక్ష పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మొదటి పేజీలో వణికే అక్షరాలతో నీలం సిరా: "మీ పార్వతీశం నాతో గుంటూరు వచ్చాడు. ఇప్పుడు మా మిత్రుడి దగ్గర ఉన్నాడు. బదులుగా ఇది, మా అబ్బాయి చేత పెట్టిస్తున్నాను. పిల్లలకు పనికొస్తుంది." పేరు రాయలేదు.

ఆ వాక్యాలు నేను చదివి వినిపించలేదు. పెద్దబాలశిక్షలోని అక్షరమాల పేజీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ మూడు ఆదివారాల్లో అదే చదువుకుంది. 'మిత్రుడి' దగ్గర మాత్రం కాస్త సాయం చేశాను.

ఈ వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తుంటే ఒక మాట. మీ బీరువాలో ఉన్న తెలుగు పుస్తకం ఒకటి మీ ఊరి పెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ సంచి మరవకండి. ఇక్కడ లైబ్రరీలో కావాలంటే అడిగి పెట్టండి. విమానాశ్రయంలో మాత్రం వద్దు, నా మాట వినండి.

నాన్నగారి నోటుబుక్కులో చివరి వరస ఇప్పుడు మా అమ్మాయి రాసింది. తేదీ, పుస్తకం పేరు, పట్టుకెళ్ళినవారు. మూడో గడిలో ఏం రాయాలని అడిగితే, దానికే వదిలేశాను. 'ఒక తాతగారు' అని రాసింది. దీర్ఘాలు సరిగ్గానే పడ్డాయి.